కదలికలు తగ్గితే తెల్లారేదాకా ఆగొద్దు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ‘ఇంత చిన్న విషయానికి డాక్టర్‌ని ఇబ్బంది పెట్టడం బాగోదేమో’ అనే మాటతోనే మొదలయ్యాయి. అది చదివినప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. కడుపుతో ఉన్న మనిషికీ, చంటిబిడ్డ తల్లికీ వచ్చే అనుమానాల్లో చిన్నది ఏదో పెద్దది ఏదో చూసి చెప్పాల్సింది మేము. మీ పని అడగడం, అంతే.

ప్రశ్న: నాకిది మొదటి కాన్పు, 34వ వారం నడుస్తోంది. రెండు రోజులుగా బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపిస్తోంది. ‘నెలలు నిండేకొద్దీ లోపల చోటు చాలదు, కదలడం తగ్గుతుంది, భయపడకు’ అంటున్నారు మా అత్తగారు. వచ్చే వారం ఎలాగూ చెకప్ ఉంది, అప్పటిదాకా ఆగొచ్చా?

జవాబు: ఆగకూడదు. పత్రిక అచ్చయి వచ్చేదాకా ఎదురుచూసే విషయం కాదు కాబట్టి ఉత్తరం అందిన రోజే ఈ అమ్మాయికి ఫోన్ చేసి ఆస్పత్రికి వెళ్లమన్నాం. వెళ్లింది, పరీక్షలు చేశారు, బిడ్డ బాగుంది. ఇదే మాట విని ఇంట్లో కూర్చున్న మిగతావాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను.

మీ అత్తగారు ప్రేమతోనే చెప్పి ఉంటారు, కానీ ఆ మాట సరైంది కాదు. చివరి నెలల్లో కదలిక తీరు మారుతుంది. ముందు ఫట్‌మని తన్నినట్టు ఉండేది తర్వాత ఒళ్లు విరుచుకున్నట్టు, దొర్లినట్టు అనిపిస్తుంది. అంతేగానీ కదలికలు తగ్గిపోవు, కాన్పు నొప్పులు మొదలయ్యేదాకా ఉంటూనే ఉంటాయి. లోపల బిడ్డ నిద్రపోతుంది నిజమే, అయితే ఆ నిద్ర సాధారణంగా 20 నుంచి 40 నిమిషాలు, 90 నిమిషాలు దాటడం అరుదు. మాయ నుంచి అందాల్సినంత ఆక్సిజన్ అందనప్పుడు బిడ్డ తన ఓపికను దాచుకోవడానికి కదలడం తగ్గిస్తుంది, మేము కంగారుపడేది అందుకే.

ఫలానా అన్నిసార్లు కదలాలి అనే లెక్క అందరు బిడ్డలకీ ఒకటే కాదు. 28 వారాలు దాటాక మీ బిడ్డ ఎప్పుడు బాగా కదులుతుందో ఎప్పుడు పడుకుంటుందో మీకే తెలిసిపోతుంది, ఆ అలవాటు తప్పిందంటే అదే గుర్తు. పనిలో పడి గమనించలేదేమో అని అనుమానంగా ఉంటే ఎడమ పక్కకు తిరిగి పడుకుని, ఫోన్ పక్కన పెట్టి, కదలికల మీదే ధ్యాస పెట్టండి. 2 గంటల్లో 10 కదలికలు తెలియకపోతే బయలుదేరండి. తగ్గాయని మీకు గట్టిగా అనిపిస్తుంటే ఆ 2 గంటలు కూడా ఆగక్కర్లేదు, రాత్రి ఏ టైమైనా సరే.

మాయ ముందువైపు ఉంది కాబట్టి తెలియట్లేదని సర్దిచెప్పుకునేవాళ్లూ ఉన్నారు. మాయ ముందుంటే మొదట్లో కదలికలు తెలియడం ఆలస్యం కావచ్చు గానీ, ఇన్నాళ్లూ తెలిసినవి ఇప్పుడు తగ్గితే దానికి కారణం మాయ ఉన్న చోటు కాదు. ఇంట్లో గుండెచప్పుడు వినే పరికరాలు కొనుక్కుని ‘వినిపిస్తోందిగా’ అని ఊరుకోవడం ఇంకా ప్రమాదం, చాలాసార్లు అందులో వినిపించేది తల్లి నాడే. ఆస్పత్రిలో అయితే పొట్టకు బెల్టు కట్టి కనీసం 20 నిమిషాలు బిడ్డ గుండె తీరును చూస్తారు, అవసరమైతే స్కానింగ్‌లో ఉమ్మనీరు, ఎదుగుదల చూస్తారు. అంతా బాగుందని పంపేశాక నాలుగు రోజులకు మళ్లీ తగ్గితే మళ్లీ వెళ్లండి. ‘మొన్నే వచ్చారుగా’ అని ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ప్రశ్న: ఏడో నెల. పొద్దున లేచేసరికి వెల్లకిలా పడుకుని ఉంటున్నాను. బిడ్డకు ఏమన్నా అయిందేమోనని గుండె ఆగినంత పనవుతోంది.

జవాబు: ఏమీ కాలేదు, పక్కకు తిరిగి మళ్లీ పడుకోండి. 28 వారాల తర్వాత వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువంతా వెన్ను పక్కనున్న పెద్ద రక్తనాళం మీద పడుతుంది కాబట్టి పక్కకు తిరిగి నిద్రపోవడం మొదలుపెట్టమంటాం. ఎడమైనా కుడైనా పర్లేదు. నిద్రలో ఎటు దొర్లారన్నది మీ చేతిలో లేదు, దానికి టెన్షన్ వద్దు.

ప్రశ్న: ఐరన్ మాత్ర వేసుకుంటే వికారం, మలబద్ధకం. విరేచనం నల్లగా అవుతోంది. భయపడి పది రోజులుగా మానేశాను, డాక్టర్‌కి చెప్పలేదు.

జవాబు: నలుపు ఐరన్ రంగే, దానికి భయం లేదు. తారులా జిగటగా, భరించలేని వాసనతో ఉంటే మాత్రం చూపించుకోవాలి. గర్భంలో ఒంట్లో రక్తం దాదాపు సగం వంతు పెరుగుతుంది, అంత రక్తానికి సరిపడా ఐరన్ తిండి నుంచి రావడం కష్టం, అందుకే మాత్ర. హిమోగ్లోబిన్ 11 కన్నా తగ్గితే గర్భిణిలో రక్తహీనత అంటాం, ఆ స్థితిలో కాన్పు జరిగి రక్తం ఎక్కువ పోతే తట్టుకోవడం కష్టమవుతుంది.

కాల్షియం మాత్రతో కలిపి వేసుకోకండి, రెండింటికీ మధ్య కనీసం 2 గంటలు ఉండాలి, టీ కాఫీలకూ అంతే. పరగడుపున పడకపోతే రాత్రి పడుకునే ముందు వేసుకుని చూడండి. అప్పటికీ పడకపోతే వేరే రకం ఐరన్‌కి మార్చవచ్చు, అవసరమైతే సెలైన్ ద్వారా ఎక్కించవచ్చు. ఇవన్నీ జరగాలంటే మీరు మానేసిన సంగతి డాక్టర్‌కి తెలియాలి. కోప్పడతారని దాచకండి. మాత్ర వేసుకుంటున్నారనుకుని మేము రిపోర్టు చూస్తే మా అంచనా మొత్తం తప్పుతుంది.

ప్రశ్న: మా పాప పుట్టి 10 రోజులు. పుట్టినప్పుడు 3 కిలోలు, మూడో రోజుకి 2.8 కిలోలకు తగ్గింది. గంటకోసారి ఏడుస్తుంది. పంపుతో తీస్తే అడుగున కొంచెం పాలే వచ్చాయి. ‘నీ పాలు చాలట్లేదు’ అని అందరూ అంటుంటే నిన్నటి నుంచి డబ్బాపాలు రెండుసార్లు పడుతున్నాం. నాకు ఏడుపొస్తోంది.

జవాబు: ముందు ఆ బరువు సంగతి చూద్దాం. తల్లిపాలు తాగే బిడ్డలు మొదటి కొద్ది రోజుల్లో కాస్త బరువు తగ్గడం మామూలే. మీ పాప తగ్గింది 200 గ్రాములు, అంటే 7 శాతం లోపే. 10 శాతానికి చేరితే మేము జాగ్రత్తపడతాం. రెండు వారాలు నిండేసరికి మళ్లీ పుట్టినప్పటి బరువుకు రావాలి, కాబట్టి ఈ రెండు మూడు రోజుల్లో ఒకసారి తూకం వేయించండి. ఎవరి మాటా వద్దు, ఆ అంకె చెబుతుంది.

పంపులో వచ్చిన పాలు మీ దగ్గర ఉన్న పాలకు కొలత కాదు. బిడ్డ నోరు లాగినట్టు ఏ యంత్రమూ లాగదు. పాలు సరిపోతున్నాయా అన్నది డైపర్‌లో చూసుకోవాలి. ఐదారు రోజులు దాటిన బిడ్డ రోజుకు కనీసం 6 సార్లు బాగా తడపాలి, మొదటి నల్లటి విరేచనం పోయి పసుపుపచ్చగా అవుతుండాలి, తాగేటప్పుడు గుటక చప్పుడు వినిపించాలి. ఇవి ఉంటే మీ పాలు చాలుతున్నట్టే. ఇక గంటకోసారి అడగడం గురించి, 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు తాగడం ఈ వయసులో సహజం, సాయంత్రాలైతే వెంటవెంటనే అడుగుతారు. ఆకలి తీరకనే అలా చేస్తున్నారనుకుంటారు అందరూ, కానీ అలా తాగడం వల్లే రేపటికి పాలు పెరుగుతాయి. రొమ్ము ఎంత ఖాళీ అయితే ఒళ్లు అంత తయారు చేస్తుంది. మీ పాలకు బదులు డబ్బాపాలు పట్టిన ప్రతిసారీ ఒంటికి ‘ఇంత అక్కర్లేదు’ అనే సందేశం వెళ్తుంది, అలా నిజంగానే తగ్గిపోయిన పాలను ఎన్నిసార్లు చూశానో.

పట్టే తీరు ఒకసారి తెలిసిన నర్సు చేత చూపించుకోండి. నోరు పెద్దగా తెరిచాకే దగ్గరకు తీసుకోవాలి, చనుమొన ఒక్కటే కాకుండా చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి పోవాలి, గడ్డం రొమ్ముకు ఆనాలి. మొదటి కొన్ని క్షణాల తర్వాత కూడా నొప్పి ఉంటే పట్టు సరిగ్గా లేనట్టే, చిటికెన వేలు నోటి మూలలోకి పెట్టి విడిపించి మళ్లీ పట్టించండి. ఆరు నెలలు నిండేదాకా మంచినీళ్లు కూడా వద్దు, పాలలోనే సరిపడా నీరు ఉంటుంది.

ఒకవేళ తూకంలో బరువు పెరగలేదనుకోండి, అప్పుడు డాక్టర్ చెప్పినంత డబ్బాపాలు పట్టడంలో తప్పేమీ లేదమ్మా. మీ పాలు పెంచుకుంటూనే పట్టొచ్చు. బిడ్డ కడుపు నిండటం అన్నిటికన్నా ముందు, దానికి మీరు సిగ్గుపడక్కర్లేదు. డైపర్లు పొడిగా ఉన్నా, లేపినా లేవకుండా మగతగా ఉండి పాలు వదిలేసినా, కళ్లూ ఒళ్లూ పచ్చబడుతున్నా తూకం దాకా ఆగకుండా ఈరోజే చూపించండి.

ప్రశ్న: నేను రాస్తున్నది నా భార్య గురించి. బాబు పుట్టి 7 వారాలు. రోజూ ఏడుస్తుంది. బాబు నిద్రపోయినా తను నిద్రపోదు. ‘నేను మంచి తల్లిని కాదు, నేను లేకపోతేనే వీడికి బాగుంటుంది’ అంటోంది. ఇంట్లోవాళ్లు ‘అందరూ కనలేదా’ అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ఈ వారంలోనే డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి. ‘నేను లేకపోతే’ అన్న మాట వచ్చింది కాబట్టి వీలైతే రేపే. మీరు రాసినందుకు నాకు చాలా ధైర్యంగా ఉంది, ఎందుకంటే ఈ స్థితిలో ఉన్న మనిషి తనంతట తాను లేచి సహాయం అడగడం చాలా కష్టం, పక్కనున్నవాళ్లు చూడాలి.

కాన్పయ్యాక రెండు మూడు రోజులకు కళ్లనీళ్లు రావడం, చిరాకు రావడం చాలామందికి ఉంటుంది, రెండు వారాల్లో దానంతటదే పోతుంది. ఏడు వారాలైనా ఉందంటే, అందులోనూ బిడ్డ పడుకున్నా నిద్ర పట్టట్లేదంటే, అది కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ కావచ్చు. ఆమెకు బిడ్డ మీద ప్రేమ లేక కాదు, ఓర్పు లేక కాదు. జబ్బు, నయమయ్యే జబ్బు. 1987లో బ్రిటన్‌లో తయారైన ఎడిన్‌బరో స్కేల్ అని 10 ప్రశ్నల పట్టిక ఉంది, డాక్టర్లు దాంతోనే మొదలుపెట్టవచ్చు, చివరి ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలనే ఆలోచన గురించే. రక్తహీనత, థైరాయిడ్ కూడా చూడమనండి, అవీ ఇలాగే కుంగదీస్తాయి. మందులు వాడితే పాలు మాన్పించాలేమో అని చాలామంది వెనకాడతారు. పాలిస్తూనే వాడగలిగే మందులు ఉన్నాయి.

మీరు ఆమె పక్కన కూర్చుని ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా’ అని నేరుగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకండి, పుట్టదు. అడిగినవాళ్లున్నారని తెలిస్తే గుండె కొంచెం తేలికవుతుంది. అవునంటే ఆమెను ఒంటరిగా వదలకుండా అప్పుడే తీసుకెళ్లండి. ఎవరో తనతో మాట్లాడుతున్నట్టు వినిపిస్తోందన్నా, బిడ్డ గురించి వింత అనుమానాలు చెప్పినా, రోజుల తరబడి నిద్ర లేకపోయినా అది ఇంకా తీవ్రమైన స్థితి, ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్లాలి.

ఈలోగా రాత్రి పూట కనీసం నాలుగైదు గంటలు ఆమెను ఏకబిగిన పడుకోనివ్వండి. పాలు తాగించగానే బాబును మీరు తీసుకుని వేరే గదిలోకి వెళ్లండి, మధ్యలో అవసరమైతే ఆమె ముందే పిండి ఉంచిన తల్లిపాలు మీరే పట్టండి. ‘అందరూ కనలేదా’ అనే మాట ఆమె చెవిన పడకుండా చూసే బాధ్యత కూడా మీదే. మీకే నిద్ర పట్టక, దిగులుగా ఉంటే అదీ డాక్టర్‌కి చెప్పండి. తండ్రులకూ డిప్రెషన్ వస్తుంది.

ప్రశ్న: బాబుకి 5 వారాలు. ఒళ్లు వెచ్చగా అనిపిస్తే జ్వరం డ్రాప్స్ వేసి ఒక రోజు చూడొచ్చా?

జవాబు: ఒక రోజు కాదు, ఒక పూట కూడా వద్దు. చేత్తో చూసి తేల్చకుండా థర్మామీటర్ పెట్టండి. మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్, ఆపైన ఉంటే అది అత్యవసరమే, చూడటానికి బాబు హుషారుగా ఉన్నా సరే. ఈ వయసులో ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకడానికి ఎంతో సేపు పట్టదు. ఒళ్లు చల్లబడిపోయి మగతగా ఉండటం కూడా అంతే ప్రమాదం. డాక్టర్ చెప్పకుండా డ్రాప్స్ వేయొద్దు, జ్వరం తగ్గి కనిపిస్తుందే గానీ లోపల ఉన్నది పోదు. బయలుదేరే ముందు జ్వరం ఎన్ని గంటలకు ఎంత ఉంది, చివరిసారి పాలు ఎప్పుడు తాగాడు, డైపర్ ఎప్పుడు తడిపాడు, ఈ మూడూ కాగితం మీద రాసుకుని వెళ్లండి. అక్కడ మొదట అడిగేవి అవే, కంగారులో ఒక్కటీ గుర్తురాదు.