తాతగారి హామ్ రేడియో బాగుచేస్తానంటున్న అబ్బాయిని ఏం చదివించాలి?

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి చదువుతున్నాడు. కాలం చేసిన మా మామగారి పాత హామ్ రేడియో సెట్టు (లైసెన్సు తీసుకుని, అభిరుచి కోసం దూరాన ఉన్నవాళ్లతో వైర్‌లెస్‌లో మాట్లాడే రేడియో), యేసు (Yaesu) కంపెనీ ఎఫ్‌టీ-101, అటక మీద దొరికింది. స్టేషన్ వెతికే పెద్ద నాబ్ బిగుసుకుపోయి తిరగడం లేదు. నెల రోజులుగా స్కూలు నుంచి రాగానే దాని ముందే కూర్చుంటున్నాడు. బలవంతంగా తిప్పితే లోపలి గేరు పళ్లు అరిగిపోతాయని మమ్మల్ని ముట్టుకోనివ్వడు. పదయ్యాక పాలిటెక్నిక్‌లో చేరతానంటున్నాడు. మావారేమో ఎంపీసీలో చేర్చి ఐఐటీ కోచింగ్ ఇప్పించాలంటున్నారు. షాక్ కొడుతుందేమోనని నాకు టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, ముందు షాక్ సంగతి మాట్లాడుకుందాం. మీ భయం సరైనదే. 1970లలో జపాన్ నుంచి ఎన్నో దేశాలకు వెళ్లిన సెట్టు అది. లోపల చాలావరకు ట్రాన్సిస్టర్లే ఉన్నా, ప్రసారం చేసే భాగంలో గాజు బల్బుల్లాంటి మూడు వాల్వులుంటాయి. వాటికి వెళ్లే కరెంటు 600 వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్ తీసేశాక కూడా కెపాసిటర్లలో అది కొంతసేపు నిలిచి ఉండొచ్చు. అందుకని మూత తీసే ముందు ప్లగ్ పీకి, చాలాసేపు ఆగి, తెలిసినవాళ్లు మల్టీమీటరుతో చూడాలి. అబ్బాయి ఒక్కడూ ఆ పని చేయకూడదు. ఏళ్ల తరబడి అటక మీదున్న సెట్టును నేరుగా ప్లగ్గులో పెట్టడం కూడా మంచిది కాదు. లోపలి పాత కెపాసిటర్లు పాడై ఉండొచ్చు. అనుభవమున్న హామ్ ఎవరైనా ఒకసారి చూశాకే కరెంటు ఇవ్వండి.

ఊరట ఏమిటంటే, బిగిసిన నాబ్‌ను వదులు చేసే పనికి కరెంటుతో అవసరమే లేదు. అదంతా మెకానికల్ పని. నాబ్ తిప్పితే గేర్లు తిరుగుతాయి, వాటి చివర స్టేషన్ మార్చే ట్యూనింగ్ కండెన్సర్ రేకులు ఒకదానిలోకి ఒకటి వెళ్లి వస్తాయి. దాంతో ఫ్రీక్వెన్సీ 500 కిలోహెర్ట్జ్ మేర మారుతుంది. ఇన్నేళ్లకు గేర్లలోనూ బేరింగుల్లోనూ వేసిన గ్రీజు మైనంలా గట్టిపడిపోతుంది. ఆ కాలపు సెట్లలో నాబ్ బిగుసుకుపోవడానికి ఎక్కువగా కారణం అదే.

మా ఊళ్లో రేడియోలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గర నేను చదువుకునే రోజుల్లో సెలవులకు పని నేర్చుకున్నాను. ఎక్కడ పట్టిందో చెప్పనిదే ఆయన స్క్రూడ్రైవర్ చేతికిచ్చేవారు కాదు. మీ అబ్బాయినీ అదే అడగండి. నాబ్ ప్యానెల్‌కు రాసుకుంటోందా? అలాగైతే చిన్న స్క్రూ వదులు చేసి నాబ్‌ను రవ్వంత ముందుకు లాగితే చాలు. నాబ్ తీసేసినా దాని వెనకున్న కడ్డీ తిరగడం లేదా? గేర్లను కండెన్సర్ నుంచి విడదీస్తే ఏది తిరుగుతోందో, ఏది తిరగడం లేదో తెలిసిపోతుంది. ఇవేవీ చూడకుండా సెట్టంతా విప్పేస్తే తిరిగి బిగించడం చాలా కష్టం.

విడదీసే ముందు ఒక్క జాగ్రత్త. ఇలాంటి సెట్లలో కొన్ని గేర్లు జంట రేకులుగా ఉంటాయి, మధ్యలో చిన్న స్ప్రింగులు వాటిని ఎదురెదురుగా లాగి పట్టుకుంటాయి. నాబ్‌ను అటూ ఇటూ తిప్పినప్పుడు మధ్యలో ఖాళీ రాకుండా చూసేది అవే. స్ప్రింగు ఎన్ని పళ్ల మేర లాగి ఉందో గుర్తు పెట్టి, ఫొటో తీసి, రాసుకోవాలి. గట్టిపడిన గ్రీజును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన సన్నటి బ్రష్‌తో ఓపికగా తుడవాలి. మరీ మొండిగా ఉంటే హెయిర్ డ్రయర్‌తో కాస్త వెచ్చబెడితే మెత్తబడుతుంది. డబ్బాతో కొట్టే స్ప్రేలు వద్దు. అవి కండెన్సర్ రేకుల మధ్యకు చేరితే ఫ్రీక్వెన్సీ నిలకడగా ఉండదు. చివర్లో సూది మొనతో బేరింగుకు ఒక్క చుక్క పల్చటి నూనె, గేరు పళ్లకు కాస్త కొత్త గ్రీజు పెడితే చాలు. కండెన్సర్ రేకులను వేలితో కూడా తాకకూడదు. ఒక్క రేకు వంగినా డయల్ మీద అంకె ఒకటి, అసలు ఫ్రీక్వెన్సీ ఒకటి అవుతాయి. మూత వేశాక, పెద్దవాళ్ల ఎదుట కరెంటు ఇచ్చి, డయల్ అంకెలు సరిచూసుకోవడానికి సెట్టులోనే ఉన్న కాలిబ్రేటర్‌తో 100 కిలోహెర్ట్జ్‌కు ఒకసారి వినిపించే ఈల డయల్ గీతతో కలుస్తోందో లేదో చూసుకోవచ్చు.

ఇంత వివరంగా ఎందుకు చెప్పానంటే, బలవంతంగా తిప్పితే పళ్లు అరిగిపోతాయని మీ అబ్బాయి తనంతట తానే గ్రహించాడు. ఆ మాట చదివి నాకు చాలా సంతోషం వేసింది. ఆసుపత్రిలో అల్ట్రాసౌండ్ మెషీన్ దగ్గరైనా, ల్యాబ్‌లో కొలత పరికరం దగ్గరైనా కావలసింది ఈ నిదానమే. మంచి మార్కులతో వచ్చిన పిల్లల్లో కూడా ఇది లేక అవస్థ పడినవాళ్లను చూశాను.

అలాగని పాత హామ్ సెట్లు బాగుచేసుకుంటూ బతకొచ్చని నేను చెప్పను. మన దగ్గర ఆ పని చాలా తక్కువ. అది అభిరుచిగానే ఉండాలి. చదువు విషయంలో మాత్రం నేను అబ్బాయి వైపే మొగ్గుతాను. పాలీసెట్ రాసి మూడేళ్ల ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) డిప్లొమా చేస్తే ల్యాబ్ పని పదహారేళ్లకే మొదలవుతుంది. ఆ తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఇంజినీర్ కావాలన్న మీవారి కోరికకు ఇది అడ్డు కాదు. ఈ మాట ఆయనకు తప్పకుండా చెప్పండి. గేర్లు, బేరింగుల మీదే ఎక్కువ ఇష్టమైతే హైదరాబాద్ బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ గురించి కనుక్కోండి. ఈసీఐఎల్, బీఈఎల్ లాంటి సంస్థలు డిప్లొమా, ఐటీఐ చదివినవాళ్లను అప్రెంటిస్‌లుగా తీసుకుంటాయి.

అయితే లెక్కల్లో వెనకబడి ఉంటే ముందు దాని సంగతి చూడాలి. పాలీసెట్‌లో ఎక్కువ మార్కులు లెక్కలకే. రేడియో ముందు రోజుకు ఒక గంట, మిగతా సమయం పుస్తకాల ముందు అని ఒప్పందం చేసుకోండి. సెట్టు లాక్కుని దాచేయకండి. ఆ వయసులో అలా చేస్తే చదువు మీదా కోపం వస్తుంది.

ఇంకొకటి. మీ మామగారి లైసెన్సు ఆయనతోనే పోయింది. అబ్బాయి మైకు పట్టుకుని మాట్లాడాలంటే తన పేరు మీద సొంత లైసెన్సు తీసుకోవాలి. దానికి కనీస వయసు 12 ఏళ్లు, కాబట్టి ఇప్పుడే పరీక్షకు చదువుకోవచ్చు. కేంద్రం తరఫున వైర్‌లెస్ వ్యవహారాలు చూసే డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే ఆ లైసెన్సు వివరాలకూ, తోడుగా ఉండే సీనియర్ హామ్‌ల కోసమూ హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోను అడగండి. 2004 డిసెంబరు సునామీ వచ్చినప్పుడు అండమాన్‌లో ఉండి, మిగతా దారులన్నీ తెగిపోయిన వేళ రేడియోలో సమాచారం అందించినవాళ్లలో ఆ సంస్థ తరఫున వెళ్లిన భారతీ ప్రసాద్ గారున్నారు. ఆవిడ గురించి అబ్బాయికి చెప్పండి.

ఈ ఆదివారం మీరూ వాడి పక్కన కూర్చుని, ఏ గేరు ఎక్కడ పట్టిందో చూపించమనండి. స్ప్రింగు లెక్కలు, ఫొటోలు ఒక నోట్‌బుక్‌లో పెట్టించండి. రేపు అప్రెంటిస్ ఇంటర్వ్యూలో నువ్వేం చేశావని అడిగితే చూపించడానికి పనికొస్తుంది.