హాస్టల్లో చేరబోతున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కిడ్నీ మార్పిడి జరిగి ఏడాది దాటిందని, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తగ్గితే రక్తంలో పెరిగే వ్యర్థ పదార్థం) నిలకడగా ఉందని, ఇంజనీరింగ్ చదువుకు హాస్టల్లో చేరబోతున్నావని మీ నాన్నగారు చెప్పగానే ఎంతో సంతోషించాను. మా అమ్మ ఇచ్చిన కిడ్నీతో ఇన్నేళ్లుగా ఉద్యోగమూ సంసారమూ నెట్టుకొస్తున్నవాడిగా నీకు కొన్ని సంగతులు రాయాలనిపించింది.

అన్నిటికన్నా ముఖ్యం మాత్రల వేళ. శరీరం కొత్త కిడ్నీని తిరస్కరించకుండా చూసే టాక్రోలిమస్ 12 గంటల ఎడంతో వేసుకోవలసిన మందు కనుక, ఉదయం 8, రాత్రి 8 అని పెట్టుకుంటే క్లాసులకు అడ్డు రాదు. ఫోన్లో అలారం ఒక్కటే చాలదు. గదిలో నమ్మకమైన మిత్రుడొకరికి విషయం చెప్పి ఉంచు. శరీరం కొత్త కిడ్నీని తిరస్కరించడం మొదలుపెట్టినప్పుడు చాలాసార్లు నొప్పి, జ్వరం ఏవీ ఉండవు, రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగాకే తెలుస్తుంది. అందుచేత ఒంట్లో బాగుందన్న ధీమాతో మాత్ర మానడమూ, పరీక్ష వాయిదా వేయడమూ రెండూ ప్రమాదమే. అమర్చిన కిడ్నీని కోల్పోయే ముప్పు 17 నుంచి 24 ఏళ్ల మధ్య ఎక్కువని అమెరికా వైద్యుల పరిశీలనల్లో తేలింది. అమ్మ గుర్తుచేసే ఇల్లు వదలి వెళ్లే వయసు అదే కావడం ఇందుకు పెద్ద కారణమని నా నమ్మకం. టాక్రోలిమస్ స్థాయి చూసే రోజున మాత్రం ఉదయపు మోతాదు వేసుకోకుండా వెళ్లి, రక్తం ఇచ్చిన వెంటనే వేసుకో. ప్రయాణాల్లో మందులు చేతిసంచిలోనే ఉంచుకో, బస్సు డిక్కీలో పెట్టే సామానులో వద్దు.

ఒళ్లునొప్పులకని మెడికల్ షాపులో ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కొనవద్దు, అవి కిడ్నీకి చేటు. క్లారిత్రోమైసిన్, ఫ్లూకోనజోల్ వంటివి టాక్రోలిమస్ స్థాయిని పెంచుతాయి, క్షయకు వాడే రిఫాంపిసిన్ తగ్గిస్తుంది. కనుక ఎవరు ఏ మందు రాసినా ముందు నీ నెఫ్రాలజిస్టును, అంటే కిడ్నీ డాక్టరును, అడుగు. పంపర పనస కూడా ఆ స్థాయిని పెంచగలదు, దాని జోలికి పోవద్దు. మెస్సులో వేడివేడిగా వడ్డించినది తిను. కోసిపెట్టిన పండ్లు, పానీపూరీ మానుకో. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి ఫోన్ చెయ్యి.

ఆటలు మానవలసిన పని లేదు. కిడ్నీ పొత్తికడుపులో, చర్మానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి కబడ్డీ వంటివి వద్దు గానీ, డాక్టరు సరేనంటే షటిల్, పరుగు నిక్షేపంగా ఆడుకోవచ్చు. అవయవ మార్పిడి జరిగినవారి కోసమే 1978 నుంచి ప్రపంచ క్రీడలు జరుగుతున్నాయి.

చేరిన వారంలోపు ఆ ఊళ్లో నిన్ను చూడబోయే నెఫ్రాలజిస్టు ఎవరో, రక్తపరీక్ష ఎక్కడ చేయించుకోబోతున్నావో నాకు రాయి.