మాలకొండ మొక్కు, మనవడి పుట్టు వెంట్రుకలు

ప్రశ్న: మనవడికి తొమ్మిది నెలలు. పుట్టు వెంట్రుకలు మాలకొండలో తీయిస్తానని మొక్కుకున్నాను. శనివారం సెలవు దొరకదు, తిరుమలలో తీయిద్దామంటాడు మా అబ్బాయి. మాడు ఇంకా మెత్తగా ఉందని కోడలి భయం. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కందుకూరు

జవాబు: అమ్మా, ముందు కోడలి మాట వినండి. ఆ భయం న్యాయమైనదే. మాడు సాధారణంగా ఏడాదిన్నరకల్లా పూడుకుంటుంది. మూడో ఏట తీయించడం మనకు ఆనవాయితీ ఉన్నదే, అందాకా ఆగండి. స్వామికి తొందరేం లేదు.

తిరుమల కల్యాణకట్టలో ఉచితంగానే తీస్తారు, నిజమే. కానీ మొక్కింది మాలకొండ నరసింహస్వామికి. ఆ గుడి తెరిచేది శనివారమే కాబట్టి, అబ్బాయిని ఇప్పట్నుంచే ఒక శనివారం సెలవు చూసుకోమనండి. తిరుమలకు తర్వాతైనా వెళ్లొచ్చు.

పొద్దున్నే, ఎండ ముదరకముందే కొండకు చేరండి. బిడ్డకు కడుపునిండా పెట్టి, మేనమామ ఒళ్లో కూర్చోబెట్టండి. తల గోరువెచ్చని నీళ్లతో బాగా నాననివ్వాలి, పొడి జుట్టు మీద బ్లేడు లాగితే పసివాడి చర్మం మండిపోతుంది. కొత్త బ్లేడు మీ కళ్లముందే విప్పించండి. గాటు పడేది ఎక్కువగా చెవి వెనక మడతలో. అక్కడికొచ్చేసరికి బిడ్డ ఏడుస్తుంటే కాసేపు ఆపమనండి, మొహమాటపడకండి. గాటు పడితే ఆ చోట గంధం పూయొద్దు, శుభ్రమైన నీళ్లతో కడిగి మెత్తటి గుడ్డతో అద్దండి. దిగేటప్పుడు తలకు నూలు టోపీ పెట్టండి.