అపరిగ్రహం అంటే ఏమీ లేకపోవడమా?

సందేహం: యోగశాస్త్రంలోని 'అపరిగ్రహం' అంటే ఏమీ లేకపోవడమే కదా? ఇల్లు, పొలం, బ్యాంకులో డబ్బు ఉన్నవారు దాన్ని పాటిస్తున్నారనడం భాషాపరంగా తప్పు కాదా? పాటించేవారిని 'అపరిగ్రహి' అనాలా?

సమాధానం: తప్పు కాదు. ఏమీ లేకపోవడానికి మనకు 'లేమి' అనే చక్కని మాట ఉంది. అపరిగ్రహం అది కాదు. ఇందులోని 'గ్రహ' ధాతువుకు పట్టుకోవడం, పుచ్చుకోవడం అని అర్థం. 'పరి' అంటే చుట్టూ. అలా చుట్టేసి పట్టుకోవడం పరిగ్రహం. ఆ పట్టు లేకపోతే అపరిగ్రహం.

ఇక్కడ మన తెలుగు వాక్యాన్ని గమనించండి. 'కలిగి ఉండు' పుస్తకాల్లోనే ఎక్కువ. నోటితో 'నాకు ఇల్లుంది', 'నా దగ్గర డబ్బుంది' అంటాం. ఈ వాక్యాల్లో కర్తలు ఇల్లూ, డబ్బే; 'నేను' కాదు. డబ్బు నా దగ్గర ఉంది, అంతే. రేపు ఇంకొకరి దగ్గర ఉండొచ్చు. వ్యాకరణం ఇంత ఉదారంగా ఉంటే, పోతుందేమోనన్న టెన్షన్ మనం పెట్టుకున్నదే.

జైనుల తత్త్వార్థ సూత్రం 'మూర్ఛా పరిగ్రహః' అంటుంది. మనం మూర్ఛ అంటే ఫిట్స్ అనుకుంటాం. అక్కడ వస్తువు మీద ఒళ్లు తెలియని మమకారమని అర్థం. వారిలో సన్యాసికి పూర్తి త్యాగం, గృహస్థుకు 'పరిగ్రహ పరిమాణం', అంటే ఇంతకు మించి వద్దని హద్దు గీసుకోవడం. ఆస్తి ఉన్నవారికి నాకు తోచే దారి ఇదే.

అయితే 'ఉంది కానీ మనసులో లేదు' అని సులువుగా తప్పించుకోవడానికి లేదు. యోగసూత్రాల్లో (2.30) పతంజలి ఐదు యమాల్లో, అంటే నిగ్రహాల్లో, చివరిదిగా అపరిగ్రహాన్ని చెప్పాడు. సంపాదించడంలో, కాపాడడంలో, పోగొట్టుకోవడంలో, తగులుకోవడంలో, హింసలో ఉన్న దోషాన్ని చూసి 'అస్వీకరణం', అంటే తీసుకోకపోవడం, అని ఆ సూత్రాలకు వ్యాఖ్య అయిన వ్యాసభాష్యం వివరిస్తుంది. పట్టు వదలడంతో పాటు, కొత్తగా చేయి చాపకపోవడం కూడా ఉందన్నమాట.

ఇక రూపం: 'అపరిగ్రహుడు' అనండి. గీతలో (6.10) 'నిరాశీరపరిగ్రహః' అని యోగికి విశేషణంగా వాడారు. స్త్రీ అయితే 'అపరిగ్రహ'. కొందరు 'అపరిగృహం' అని రాస్తున్నారు. అది మాత్రం తప్పు. గృహం కూడా గ్రహ ధాతువు నుంచే పుట్టిందని సంప్రదాయ వ్యుత్పత్తి చెబుతుంది కానీ, ఈ మాటలోకి ఇల్లు రాదు.