శ్రీగంధం చెట్టును నరకకుండా లోపల చేవ ఎంత కట్టిందో చూడాలంటే ఏ పరికరం కొనాలి?

డ్రిల్లు మాత్రం వద్దండి. మీది 14 ఏళ్ల తోట అన్నారు, కొనడానికి వచ్చినవాళ్లు లోపల చేవ, అంటే మాను మధ్యలో వాసనుండే ముదురు కర్ర, లేదని ధర తగ్గిస్తున్నారన్నారు. వాళ్లతో బేరం ఆడాలంటే చూపించడానికి మీ చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా. డ్రిల్లుతో వచ్చేది పొట్టు. తెల్ల పొట్టు పోయి పసుపు పొట్టు, వాసన వస్తే చేవ ఉందని తెలుస్తుంది, అంతే. ఎక్కడ మొదలైంది, ఎంత మందం అన్నది నమ్మకంగా చెప్పలేం, పైగా పచ్చి కర్రలో బిట్టు వేడెక్కి ఇరుక్కుంటుంది.

మీకు కావాల్సింది ఇంక్రిమెంట్ బోరర్. 1860లలో జర్మనీలో ప్రెస్లర్ అనే ఆయన తెచ్చిన పరికరం, ఇప్పటికీ రూపం పెద్దగా మారలేదు. లోపల బోలుగా ఉండి కొసన మరలున్న ఉక్కు గొట్టం, అడ్డంగా పట్టుకుని తిప్పే పిడి, కోర్‌ను, అంటే గొట్టంలోకి వచ్చిన కర్ర పుల్లను, బయటకు లాగే సన్నటి రేకు, ఇవి మూడే. చేత్తో తిప్పుతూ పోతే పెన్సిల్ కంటే సన్నటి కర్ర పుల్ల ముక్కలవకుండా వస్తుంది. బయట తెలుపు, లోపల పసుపు లేదా గోధుమ రంగు. స్కేలు పెట్టి కొలవడమే.

నేను అటవీ శాస్త్రం చదివేటప్పుడు టేకు మీద దీన్ని నేర్చుకున్నాను, ఇప్పుడు రైతుల గంధం తోటల్లో వాడుతున్నాను. టేకులో హాయిగా దిగే బోరర్ గంధంలో భుజాలు పట్టేలా చేస్తుంది. కాబట్టి కొనేటప్పుడే చూసుకోండి: రెండు మరలవి, మూడు మరలవి అని వస్తాయి. మూడు మరలది త్వరగా దిగుతుంది కానీ అది మెత్తటి కర్రకు. మనలాంటి గట్టి కర్రకు రెండు మరలదే, తిప్పుళ్లు ఎక్కువైనా బలం తక్కువ పడుతుంది. కోర్ లావు 5.15 మిల్లీమీటర్లు వచ్చేది చాలు. 12 మిల్లీమీటర్లది ల్యాబుకు ఎక్కువ కర్ర కావాల్సినప్పుడు వాడతారు, దాన్ని గంధంలో తిప్పడం ఒక్కరి వల్ల కాదు. పొడవు కోసం ఆశపడొద్దు. చుట్టుకొలత 50 సెంటీమీటర్లున్న మానుకు మధ్యకు చేరాలంటే 8 సెంటీమీటర్లే, 20 సెంటీమీటర్ల గొట్టం బోలెడు. పొడవు పెరిగేకొద్దీ వంగే, విరిగే భయం కూడా పెరుగుతుంది. స్వీడన్‌లో తయారయ్యే హాగ్లాఫ్ వాళ్లవి నేను వాడతాను.

అసలు కష్టం పదును దగ్గరుంది. కొస మొద్దుబారితే కోర్ మెలితిరిగి ముక్కలుగా వస్తుంది, గొట్టం ఇరుక్కుంటుంది. కాగితం మీద కొసను నొక్కి తిప్పండి, గుండ్రటి బిళ్ల శుభ్రంగా తెగితే పదునున్నట్టు. మరలకు తేనెమైనం రుద్దండి. మానుకు సరిగ్గా అడ్డంగా పెట్టి, మరలు కర్రను పట్టేదాకా ఒత్తి తిప్పండి, ఆ తర్వాత ఒత్తక్కర్లేదు. మధ్యలో ఆగి టీ తాగి వద్దామనుకోకండి, కర్ర బిగిసి గొట్టాన్ని పట్టేస్తుంది. కావలసిన లోతు చేరాక రేకు దూర్చి, పిడిని ఒక చుట్టు వెనక్కి తిప్పితే కోర్ లోపల తెగుతుంది. దాన్ని లాగేసి వెంటనే గొట్టాన్ని కూడా బయటకు తీసేయండి.

చెట్టుకు గాయం కాదా అంటే, అవుతుంది. బెజ్జానికి పైకీ కిందికీ కర్ర కాస్త రంగు మారుతుంది. అందుకే తోటంతా పొడవొద్దు, సన్నవి, మధ్యరకం, లావువి కొన్ని ఎంచుకుని చెట్టుకు ఒక్క కోర్ తీయండి, చాలు. బెజ్జంలో చెక్క బిరడాలు కొట్టడం వల్ల లాభం ఉందని నేను నమ్మను. చెట్టుకూ చెట్టుకూ మధ్య గొట్టాన్ని స్పిరిట్‌తో తుడవండి, అది ముఖ్యం. ఎత్తు అందరిలాగే 1.37 మీటర్ల దగ్గర. మాను అడుగున చేవ ఎక్కువ, పైకి పోయేకొద్దీ తగ్గుతుంది, అడుగున తీసి అదే లెక్క చెట్టంతటికీ వేసుకుంటే ఎక్కువ వస్తుంది.

కోర్‌లో వలయాలు లెక్కపెట్టి వయసు చెప్పేస్తామనే వాళ్ల మాట వినకండి. టేకులో వలయాలు స్పష్టం, పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ వాటితోనే పాత వానల లెక్కలు కట్టింది. గంధంలో అంత నమ్మకం లేదు.

ఇంకొకటి, చేవ ఉన్న చెట్లకు రంగుతో గుర్తులు పెట్టకండి. గంధం దొంగలు కూడా ముందు బెజ్జం కొట్టి చేవ చూసుకునే నరుకుతారు, వాళ్ల పని మీరు చేసిపెట్టినట్టవుతుంది. చెట్ల నంబర్లు మీ పుస్తకంలోనే రాసుకోండి. కోర్‌ను ప్లాస్టిక్ కవర్లో కాకుండా కాగితం గొట్టంలో పెట్టండి, లేకపోతే బూజు పడుతుంది. నూనె శాతం కూడా కావాలంటే బెంగళూరులోని కలప పరిశోధన సంస్థ ఐడబ్ల్యూఎస్‌టీని అడగండి, వాళ్లకు ఎంత కర్ర కావాలో కనుక్కున్నాకే బోరర్ లావు తేల్చుకోండి.