యంత్రం చేతిలో ఉన్నవాణ్ణి ఎవరు తరమగలరు?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. వాక్యం మీద నీకు మంచి పట్టుందమ్మా, అది ముందే చెబుతున్నాను. కానీ సైనికులు వెంటపడ్డ ప్రతిసారీ నీ కథానాయకుడు కాలయంత్రం మీట నొక్కి మాయమైపోతున్నాడు. మొదటిసారి ఊపిరి బిగబట్టి చదివాను. ఆ తర్వాత వాళ్ళ కత్తులు అతని మెడ దాకా వచ్చినా నాకు చీమ కుట్టినట్టయినా లేదు. ఏ శతాబ్దంలోకైనా జారుకోగలవాడికి భయం దేనికి?

1895లో వచ్చిన హెచ్.జి. వెల్స్ ‘ది టైమ్ మెషీన్’ మళ్ళీ ఒకసారి తీసి చదువు. యాత్రికుడు 8,02,701వ సంవత్సరంలో దిగుతాడు. చుట్టుపక్కల చూసి వచ్చేసరికి యంత్రం ఉండదు. తెల్లని స్ఫింక్స్ విగ్రహం పీఠంలోకి దాన్ని ఎవరో ఈడ్చుకుపోయారు. మీటలు మాత్రం ముందే ఊడదీసి జేబులో వేసుకున్నాడు. కాబట్టి అది వేరే కాలానికి పోయి ఉండదు, ఇక్కడే ఎక్కడో ఉందని అతనికి తెలుసు. ఆ ఆశే అతన్ని అక్కడి నుంచి కదలనివ్వదు.

ఇక చేతిలో మిగిలింది అగ్గిపెట్టె. నేల మీద బతికే ఈలోయిలనే మనుషులను అబ్బురపరచడానికి సగం పుల్లలు గీసి పారేస్తాడు. బావిలోకి దిగి, నేల కింద బతికే మార్లాక్‌లనే జీవుల మధ్య చీకట్లో నిలబడేసరికి ఉన్నవి నాలుగే. అక్కణ్ణుంచి ప్రతి పుల్లనూ మనమే లెక్కపెట్టుకుంటూ చదువుతాం. యుగాలు దాటి వచ్చిన మనిషి ప్రాణం పుల్ల వెలిగే ఆ కాసేపటి మీద ఆధారపడుతుంది. తర్వాత పాడుబడ్డ మ్యూజియంలో కర్పూరం, మరో అగ్గిపెట్టె దొరికి మనకు ధైర్యం వస్తుంది. ఆ రాత్రి రక్షణ కోసం అతను పెట్టిన నిప్పే అడవినంతా అంటుకుంటుంది. అతనికి తోడుగా వచ్చిన ఈలోయి పిల్ల వీనా దక్కదు.

చివరికి పీఠం తలుపులు తెరిచే ఉంటాయి. అది ఉచ్చని అతనికి తెలుసు. లోపలికి వెళ్ళి మీటలు బిగించుకుంటే చాలనుకుంటాడు. తలుపులు మూసుకుంటాయి. జేబులో ఉన్నవి విడిపుల్లలు, పెట్టె మీద గీస్తేనే వెలిగే రకం! చీకట్లో ఎన్నో చేతులు లాగుతుంటే, జారిపోయిన మీటను తలతో కుమ్మి దక్కించుకుంటాడు. అన్నట్టు, ఆ యంత్రాన్ని మార్లాక్‌లు శుభ్రంగా తుడిచి నూనె కూడా పెట్టారు. తరిమేవాళ్ళకూ బుర్ర ఉందని ఆ ఒక్క వివరంతో ఒళ్ళు జలదరిస్తుంది. నీ సైనికులకు అది లేదు.

అతను బతికి వస్తాడని మనకు ముందే తెలుసు సుమా. కుంటుకుంటూ ఇంటికొచ్చి, భోంచేసి, అతిథులకు తనే కథ చెబుతాడు. అయినా భయం తగ్గదు. బతుకుతాడా అని కాదు, ఏం పోగొట్టుకుని వస్తాడా అని చదువుతాం.

ఇంకొకటి. ఆ యంత్రం కాలంలో కదులుతుందే గాని చోటు మారదు. అందుకే ప్రయోగశాల ఆగ్నేయ మూల నుంచి బయల్దేరింది వాయవ్యంలో గోడ దగ్గర తేలింది. మార్లాక్‌లు ఎంత దూరం ఈడ్చారో అంత దూరం! ఈ నియమాన్ని వెల్స్ ఎక్కడా తప్పలేదు.

నీ యంత్రం ఏం చేయలేదో ముందు ఒక కాగితం మీద రాసుకో. తర్వాత కోటగోడ ఘట్టం దగ్గరికి రా. యంత్రం మాయమవడం నీ దళపతి ఒకసారి కళ్ళారా చూశాడు. చూసినవాడు రెండోసారి కత్తి దూసుకుని మనిషి మీదికి పరిగెత్తడు, ముందు యంత్రం దగ్గరికి వెళతాడు. అక్కడి నుంచి తిరగరాసి పంపు.