గుట్టుకు వేరే కిరాయి

ప్రశ్న: అక్కా, నాకు 34 ఏళ్లు, హనుమకొండలో ఉంటాను. సూటిగానే చెప్తున్నా, నేను సెక్స్ వర్కర్‌ని. ఎవరి కిందా పని చేయను, నా సంపాదన నాదే. మూడేళ్లలో నాలుగు ఇళ్లు మారాను. మొన్నటి ఓనర్‌కి పక్కింటివాళ్లు ఏదో చెప్పారు, రెండు రోజుల్లో ఖాళీ చేయమన్నాడు, చేశాను. 20,000 అడ్వాన్స్ మాత్రం తిరిగి ఇవ్వలేదు. అగ్రిమెంట్ లేదు. ఇప్పుడు ఒక బ్రోకర్ ఫ్లాట్ చూపించాడు, అక్కడ ఎవరూ ఏమీ అడగరట. మామూలుగా 9,000 ఉండే ఇంటికి 18,000 అంటున్నాడు. ఇంకో అమ్మాయి కూడా ఉంటుంది, ఇద్దరూ కలిసి పని చేసుకుని కిరాయి పంచుకోండి అంటున్నాడు. మా అమ్మ నాతోనే ఉంటుంది, ఆమెకు అంతా తెలుసు. ఆ ఫ్లాట్ తీసుకోనా? వేరే ఇల్లు చూసుకుంటే ఓనర్‌కి ఏం చెప్పాలి?
– పేరు వద్దు, హనుమకొండ

జవాబు: చెల్లె, ఆ ఫ్లాట్ తీసుకోకు. ఎక్కువైన ఆ 9,000 ఇంటికి కాదు, నీ భయానికి వేసిన రేటు. డబ్బు పోతే పోయింది అనుకున్నా అసలు చిక్కు ఆ రెండో అమ్మాయి దగ్గర ఉంది.

మన దగ్గర ఉన్న చట్టం 1956 నాటిది, అనైతిక వ్యాపార నిరోధక చట్టం అంటారు. పెద్దవాళ్లు తమ ఇష్టంతో, తమ కోసం, ఒంటరిగా చేసే ఈ పనిని అది నేరం అనదు. దాని చుట్టూ ఉన్నవాటిని నేరం అంటుంది, అందుకే కాలు ఎక్కడ పెట్టినా ఏదో ఒకటి తగులుతుంది. ఒక ఇంటిని వేరే మనిషి లాభం కోసం వాడినా, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఉమ్మడి లాభం కోసం వాడినా చట్టం లెక్కలో అది బ్రోతల్. బ్రోకర్ రెట్టింపు కిరాయి తీసుకుంటాడు, మీరిద్దరూ పంచుకుంటారు, కేసు రాసేవాళ్లకు ఇంకేం కావాలి చెప్పు? బ్రోతల్ నడిపారని తేలితే మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల కఠిన జైలు. ఇల్లు నీ పేరు మీద ఉంటే నడిపింది నువ్వే అంటారు, బ్రోకర్ ఆ రోజు ఫోన్ కూడా ఎత్తడు. తెలిసి ఇచ్చిన ఓనర్‌కి కూడా శిక్ష ఉంది, కాబట్టి 'ఓనర్ మనవాడే' అన్న మాటకు విలువ లేదు, అతను ముందు తన మెడ చూసుకుంటాడు.

రెండోది 200 మీటర్ల సంగతి. గుడి, మసీదు, చర్చి, బడి, కాలేజీ, హాస్టల్, దవాఖాన, వీటికి 200 మీటర్ల లోపల అయితే ఒంటరిగా చేసినా నేరమే, మూడు నెలల దాకా జైలు ఉంటుంది, వచ్చినవాడికి కూడా. అక్కడ మేజిస్ట్రేట్ నోటీసు ఇచ్చి ఇల్లు ఖాళీ చేయించవచ్చు. హనుమకొండలో ఇది మామూలు తలనొప్పి కాదు. నయీంనగర్‌లో ఒకసారి రోడ్డు మీద నిలబడి చుట్టూ చూడు, ఒక పక్క జూనియర్ కాలేజీ, ఒక పక్క లేడీస్ హాస్టల్, ఆ సందు చివర పోచమ్మ గుడి. ఈ ఊళ్లో ఆ గీతకు అవతల ఇల్లు దొరకడమే కష్టం, చట్టం రాసినవాళ్లు మన గల్లీలు చూసి రాయలేదు మరి. కష్టమని దాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఉండలేవు, అది నీకు తెలిసి ఉండాలి.

ఇక ఓనర్‌కి ఏం చెప్పాలంటావా, నీ పని ఏంటో గేటు దగ్గరే చెప్పాలని ఏ చట్టమూ లేదు. కానీ లేని ఉద్యోగం ఉందని కాగితం మీద రాయకు, ఎవరో చేసిచ్చే కంపెనీ ఐడీ కార్డు అసలే ముట్టుకోకు, అది దొంగ కాగితం కేసు అవుతుంది, దానికి నీ పనితో సంబంధం కూడా ఉండదు. నేను విడాకులయ్యాక ఇదే ఊళ్లో ఇల్లు వెతికినప్పుడు ఒకావిడ టులెట్ బోర్డు కిందే నిలబడి 'మీ ఆయన ఏం చేస్తడు' అని మూడుసార్లు అడిగింది, నాలుగోసారి ఇల్లు ఇవ్వం అంది. ఆ బాధ నాకు తెలుసు. అయినా ఆధార్‌తో, నీ పేరుతో అగ్రిమెంట్ ఉన్న చిన్న ఇల్లు, ఎవరూ ఏమీ అడగని ఆ ఫ్లాట్ కంటే వంద రెట్లు మేలు. మన దగ్గర 11 నెలలకు స్టాంపు కాగితం మీద రాసుకుంటారు కదా, అందులో అడ్వాన్స్ ఎంత, ఖాళీ చేసేటప్పుడు ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలి, ఈ రెండూ అంకెల్లో ఉండాలి. కిరాయి చేతికి ఇవ్వకు, ఫోన్‌పే చెయ్యి, లేదా రసీదు అడుగు.

అమ్మ గురించి కూడా అనాలి. తెలిసి ఈ సంపాదన మీద బతికే 18 ఏళ్లు దాటిన వాళ్లకు కూడా శిక్ష ఉంది ఆ చట్టంలో. అది మధ్యవర్తుల కోసం పెట్టిన నిబంధనే, కానీ మాటలు మాత్రం ఎవరికైనా తగిలేటట్టు ఉన్నాయి. అమ్మకు సర్కారు పింఛన్ వస్తుంటే ఆ పాస్‌బుక్ జాగ్రత్తగా ఉంచు, ఆమెకంటూ సొంత ఆదాయం ఉందని చూపడానికి పనికొస్తుంది.

ఎప్పుడైనా పోలీసులు ఇంట్లో సోదాకి వస్తే ఈ చట్టం కింద కనీసం ఇద్దరు మహిళా పోలీసులు వెంట ఉండాలి. కండోమ్‌లు దొరికాయని దాన్నే సాక్ష్యం చేయకూడదని, పట్టుబడినవాళ్ల ఫొటోలు పేర్లు మీడియాలో రాకూడదని 2022 మే 19న సుప్రీంకోర్టు చెప్పింది. బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసు అంటే వకీళ్లకు తెలుస్తుంది, పేరు గుర్తు పెట్టుకో.

ఇప్పుడు ఆ 20,000. నెలనెలా కిరాయి మీద ఉన్నా కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలి, రెండు రోజుల్లో పొమ్మనే హక్కు ఆ పాత ఓనర్‌కి లేదు. అగ్రిమెంట్ లేకపోయినా డబ్బు ఇచ్చినట్టు చూపగలిగితే అడగవచ్చు. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవాధికార సంస్థలో వకీలు ఉచితం, 15100కి ఫోన్ చెయ్యి, లేదా అదాలత్‌లో, అంటే జిల్లా కోర్టు దగ్గర, వాళ్ల ఆఫీసుకు నేరుగా పో. అక్కడ నీ పని సంగతి మొదలు పెట్టాల్సిన అవసరం లేదు, విషయం అడ్వాన్స్ మాత్రమే. అయితే కేసు ఒప్పుకున్న వకీలుకు మాత్రం దాచకు, అవతలివాడు అదే ఎత్తుతాడు కాబట్టి ఆ వకీలుకు ముందే తెలిసి ఉండాలి. అడ్వాన్స్ ఫోన్‌పే చేసి ఉంటే ఆ తేదీ కనబడేటట్టు ప్రింట్ తీయించుకుని పో, చేతికి ఇచ్చి ఉంటే ఆ తర్వాత అతను పంపిన మెసేజ్‌లు ఏవీ డిలీట్ చేయకు.